తీసేసిన పోగులు: లండన్‌లో అయిదు రోజులు

చీరాలకు తిరిగొచ్చి నాలుగు రోజులయింది. శ్రీరామనవమి పందిళ్ళు ఇంకా విప్పలేదు. ఎండకు తలుపులు వేసుకుని, అక్కడ గీసుకున్న బొమ్మల పుస్తకం ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఆలస్యం చేస్తే రంగులు గుర్తుంటాయి కానీ ముఖాలు చెరిగిపోతాయి.

ఉగాదికి మా అమ్మాయి దగ్గరికి లండన్ వెళ్ళాను. ముప్పై ఏళ్ళు బడిలో డ్రాయింగు చెప్పినదాన్ని. పిల్లలకు రవివర్మ గురించి చెప్పాను, దామెర్ల రామారావు గురించి చెప్పాను, పికాసో గురించి చెప్పాను. పికాసో పాఠంలో ‘ఆఫ్రికా ముసుగులు చూసి’ అని ఒక్క ముక్క వచ్చేది. ఆ ముసుగులు చెక్కినవాళ్ళ పేర్లేమిటని ఏ పిల్లా అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. ఈసారి ఆఫ్రికా మూలాలున్న ఇప్పటి చిత్రకారుల పనులు లండన్‌లో ఒకేసారి నాలుగైదు చోట్ల ప్రదర్శనలో ఉన్నాయని అమ్మాయి చెప్పగానే, మిగతా చూడవలసినవన్నీ పక్కన పెట్టేశాను.

ఇంకో కారణం ఉంది. మా నాన్న మగ్గం మీద ఎగుమతి రుమాళ్ళు నేసేవారు. ఎరుపు, నీలం, తెలుపు గళ్ళు. ఎనిమిది గజాల తాను. షావుకారు వాటిని మద్రాసు పంపేవాడు, అక్కడి నుంచి ఓడలో ఆఫ్రికా వెళ్ళేవి. బయట వాటిని మద్రాసు రుమాళ్ళనే వారు, నేసిన ఊరి పేరు ఎక్కడా ఉండేది కాదు. వాటిని ఎవరు కట్టుకుంటారో, ఎలా కట్టుకుంటారో నాన్నకు తెలియదు. అడిగితే ‘తలకు చుట్టుకుంటారేమో’ అనేవారు. నైజీరియాలో దిగుమతి బట్టల మీద ఆంక్షలు వచ్చాక ఆర్డర్లు తగ్గాయి. నాన్న చీరలకు మారారు. చివరిదాకా ఆ ప్రశ్న ఆయనతోనే ఉండిపోయింది.

2024 ఏప్రిల్ 10, బుధవారం: బ్రిటిష్ మ్యూజియం

ఉగాది పులిహోర మిగిలితే డబ్బాలో పెట్టుకుని బయలుదేరాను. అమ్మాయికి ఆఫీసు, నేనొక్కదాన్నే. మ్యూజియం ప్రవేశం ఉచితం. జనం అందరూ ఈజిప్టు మమ్మీల వైపు నడుస్తుంటే నేను ఆఫ్రికా గది ఎక్కడని అడిగి, రెండుసార్లు తప్పు మెట్లెక్కి, చివరికి కింది అంతస్తుకు దిగాను. ఇరవై అయిదో గది. ఒక ఖండం మొత్తాన్ని నేల కింద పెట్టారేమిటని మనసు చివుక్కుమంది. 1897లో బ్రిటిష్ సైన్యం ఇప్పటి నైజీరియాలోని బెనిన్ నగరాన్ని కొల్లగొట్టి తెచ్చిన ఇత్తడి ఫలకాలు ఒకవైపు వరసగా వేలాడుతున్నాయి. వాటి ముందు ఒక తండ్రి తన కొడుకుకు తగ్గు గొంతుతో ఏదో చెబుతున్నాడు. పిల్లవాడు ఒక్క మాట కూడా అడ్డు రాకుండా వింటున్నాడు.

నన్ను ఆపేసింది మాత్రం ఒక ఇనుప మనిషి. నీటి గుర్రం ముసుగు తలమీద అడ్డంగా ఉంది. దాని మూతి ముందుకు కాక ఆకాశంలోకి చూస్తోంది. ‘ఒటోబో’ అని పేరు. 1995లో చేసింది సొకారి డగ్లస్ క్యాంప్. నైజీరియాలోని బుగుమాలో 1958లో పుట్టి, లండన్‌లో స్థిరపడిన శిల్పి. కలబారి జాతి ఆడపడుచు. నైజర్ నది సముద్రంలో కలిసే చోట, మడ అడవుల మధ్య ఉండే జాతి అది. వాళ్ళ ముసుగు నృత్యాలు మగవాళ్ళ సంఘానివి. ఆడవాళ్ళు చూడవచ్చు కానీ ఆడకూడదు. తాను వేసుకోకూడని ముసుగును ఆమె ఇనుప రేకులు కోసి, అతికి, మనిషెత్తున నిలబెట్టింది. దగ్గరికి వెళ్ళి చూస్తే అతుకుల మీద మసి మచ్చలు కనిపిస్తాయి. వాటిని అరగదీసి దాచలేదు. బొమ్మ గీసుకుని, పక్కన ‘కలబారి’ అని రాసుకున్నాను. ఆ మాట మళ్ళీ ఎదురవుతుందని అప్పుడు తెలియదు.

బయట మెట్ల మీద కూర్చుని పులిహోర తిన్నాను. అక్కడ అదేమీ తప్పు కాదు, పక్కన అందరూ తింటూనే ఉన్నారు. ఒక పెద్దావిడ ఇంగువ వాసనకు తిరిగి చూసి, మంచి భోజనం అన్నట్టు తలూపింది.

రాత్రి అమ్మాయి ఫోనులో కలబారి వాళ్ళ గురించి వెతికింది. ఫొటోలో ఒక ఆడమనిషి, నడుము నుంచి మడమల దాకా గళ్ళ బట్ట. నేను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అది మన రుమాలు బట్ట.

ఏప్రిల్ 11, గురువారం: ట్రఫాల్గర్ స్క్వేర్, పికడిల్లీ

బస్సెక్కితే అప్పుడు ఎంత దూరమైనా 1.75 పౌండ్లు ఉండేది, మన లెక్కలో సుమారు 185 రూపాయలు. గంటలోపు మరో బస్సు మారితే మళ్ళీ డబ్బు పడదు. పై అంతస్తులో ముందు సీటు దొరికితే అదే సగం యాత్ర.

ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నాలుగు పీఠాలున్నాయి. మూడింటి మీద రాజు, సేనానులు. నాలుగోది చాలా కాలం ఖాళీగా ఉండి, ఇప్పుడు ఒక్కో కళాకారుడి పనికి కొంతకాలం చోటిస్తుంది. నేను వెళ్ళినప్పుడు దాని మీద ఇద్దరు టోపీలవాళ్ళున్నారు. మలావీలో పుట్టిన శాంసన్ కంబాలు చేసిన శిల్పం. ఒకరు జాన్ చిలెంబ్వే అనే నల్లజాతి బోధకుడు, రెండోవారు జాన్ చోర్లీ అనే తెల్ల మిషనరీ. 1914లో తీసిన ఫొటో దీనికి ఆధారం. ఆ రోజుల్లో బ్రిటిష్ పాలనలోని మలావీలో తెల్లవాళ్ళ ముందు ఆఫ్రికన్లు టోపీ పెట్టుకోకూడదు. చిలెంబ్వే పెట్టుకుని ఫొటో దిగాడు. మరుసటి సంవత్సరమే తిరుగుబాటు నడిపి ప్రాణం పోగొట్టుకున్నాడు. కంబాలు అతణ్ణి పక్కవాడికంటే ఎంతో పెద్దగా చేశాడు. దొర ఎదురైతే తలపాగా తీసి, చెప్పులు చేత పట్టుకుని నడవాల్సిన ఊళ్ళు మనకూ ఉండేవి. ఆ టోపీ అంచు ఎంత బరువో నాకు ఒకరు చెప్పనక్కరలేదు.

పక్కనే నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో, నల్లజాతి మనిషి రూపాన్ని నల్లజాతి కళాకారులే గీస్తే ఎలా ఉంటుందన్న ప్రదర్శన. బ్రిటిష్ రచయిత ఎకో ఎషున్ కూర్చినది. ఎమీ షెరల్డ్ మనుషుల చర్మాన్ని బూడిద రంగులోనే వేస్తుంది. బట్టలు మాత్రం రంగులతో మెరిసిపోతాయి. ముందు రంగు చూసి మనిషిని లెక్కగట్టే చూపు అక్కడ తడబడుతుంది. ఆ బూడిద ముఖాల ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో గుర్తు లేదు.

బార్బరా వాకర్ చిత్రాలు మొదట తెల్ల కాగితాల్లా కనిపించాయి. పాత యూరపు వర్ణచిత్రాల్లో దొరసానుల పక్కన పళ్ళెం పట్టుకునో, గుర్రం పగ్గం పట్టుకునో ఒక నల్ల సేవకుడు మూలన ఉంటాడు కదా. ఆమె ఆ సేవకుణ్ణి మాత్రమే పెన్సిలుతో, వేళ్ళ గోళ్ళు కూడా వదలకుండా గీసింది. దొరలూ దొరసానులూ మేడలూ కాగితం మీద రంగులేని ఉబ్బెత్తు గీతలుగా మిగిలారు. పక్కకు జరిగి వెలుతురు ఏటవాలుగా పడేలా చూస్తేనే వాళ్ళు కనిపిస్తారు. పిల్లలకు పెన్సిలు పట్టడం నేర్పిన దాన్ని కాబట్టి అంటున్నాను, ఆ చేతి ఓర్పు సామాన్యమైనది కాదు.

అక్కడి నుంచి నడిచి పికడిల్లీలోని రాయల్ అకాడమీ అనే ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళాను. రెండు టికెట్లూ కలిపి 4,000 రూపాయల దాకా అయ్యాయి. అమ్మాయి ముందే కట్టేసింది కనుక సరిపోయింది, లేకపోతే ఒకటి మానేసేదాన్ని. మానేసి ఉంటే లుబైనా హిమిద్‌ను పోగొట్టుకునేదాన్ని. 1954లో జాంజిబార్‌లో పుట్టి, ఇంగ్లండులో పెరిగిన చిత్రకారిణి. తల్లి బట్టల మీద డిజైన్లు వేసే ఆవిడ. 2017లో, బ్రిటన్‌లో కళాకారులకిచ్చే టర్నర్ బహుమతి వచ్చింది, అది అందుకున్న మొదటి నల్లజాతి మహిళ ఆమే. ఇక్కడున్నది 2004లో చేసిన పని. చెక్క పలకలు మనిషి ఆకారంలో కోసి, రంగులు వేసి నిలబెట్టింది. మొత్తం వంద మంది, ఈ ప్రదర్శనలో కొందరు. యూరపు రాజుల కొలువుల్లో బానిసలుగా ఉన్న డోలు వాయించేవాళ్ళు, కుండలు చేసేవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు, పటాలు గీసేవాళ్ళు. మనం వాళ్ళ మధ్యలోంచే నడవాలి. ఒక్కొక్కరి వీపు మీద లెక్కల పుస్తకం కాగితంలాంటిది అతికించి ఉంటుంది. అందులో తన అసలు పేరు, యజమానులు పెట్టిన పేరు, ఒకప్పుడు తాను చేసిన పని, ఇప్పుడు చేయిస్తున్న పని, అయినా తన దగ్గర మిగిలినది ఏమిటో నాలుగైదు ముక్కల్లో ఉంటుంది.

1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు కూలికి వెళ్ళిన మనవాళ్ళ పేర్లు కూడా ఇలాంటి పద్దు పుస్తకాల్లోనే, గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా ఎక్కాయి. బానిసత్వమూ కూలి ఒప్పందమూ ఒకటని నేను అనను. పేరు పోవడం ఎలా ఉంటుందో ఊహించడానికి మాత్రం నాకు ఆ దారి ఉంది.

ఏప్రిల్ 12, శుక్రవారం: తప్పిన దారి, షోనిబారే ప్రదర్శన

యింకా షోనిబారే అనే కళాకారుడి (యింకా అన్నది ఆయన పేరే) ప్రదర్శన ఆ రోజే మొదలైంది. కెన్సింగ్టన్ తోటలో సర్పెంటైన్ గ్యాలరీ. ఒకటే పేరుతో చెరువుకు అటొకటి ఇటొకటి రెండు గ్యాలరీలున్నాయన్న సంగతి మాకు తెలియదు. ఆ రోజు అమ్మాయి సెలవు పెట్టి నాతో వచ్చింది. ఇద్దరం కలిసి ఉత్తరం వైపు దానికి వెళ్ళాం. తలుపులు వేసి ఉన్నాయి. ఒకావిడ కుక్కను తిప్పుతూ మమ్మల్ని చూసి, మేము అడగకుండానే ఆగి, వంతెన మీదుగా సగం దూరం తానే తోడొచ్చింది. దారి పొడవునా వాన గురించి, కుక్క మోకాలు గురించి మాట్లాడింది తప్ప మేమెవరమని ఒక్క ప్రశ్న వేయలేదు. మన దగ్గరైతే ఈపాటికి ఊరు, ఇంటిపేరు, అల్లుడి జీతం దాకా వచ్చేది. రెండు పద్ధతుల్లోనూ ఆప్యాయత ఉంది.

లోపలికి ప్రవేశం ఉచితం. అడుగు పెట్టగానే విక్టోరియా రాణి, చర్చిల్ విగ్రహాలు. అసలు విగ్రహాలకంటే చిన్నవి. వాటి ఒళ్ళంతా ఆఫ్రికా బట్టల మీద కనిపించే పూలు, చక్రాలు, అలలు. పసుపు, నీలం, గులాబీ రంగుల్లో రాణి కిరీటం నుంచి కొంగుదాకా తడిసిపోయింది. మన ఊళ్ళలో నల్లటి ముఖంతో నిలబడే విక్టోరియా విగ్రహాలను చూసి పెరిగిన కళ్ళకు అది పెద్ద పండగ.

ఆ బట్ట కథ చెప్పకపోతే షోనిబారే కథ అర్థం కాదు. ఆయన 1962లో లండన్‌లో పుట్టి, మూడేళ్ళప్పుడు లాగోస్ వెళ్ళి అక్కడ పెరిగి, చదువుకు మళ్ళీ లండన్ వచ్చాడు. ఆర్ట్ కాలేజీలో రష్యా రాజకీయాల మీద బొమ్మలు వేస్తుంటే, నువ్వు అసలైన ఆఫ్రికా కళ ఎందుకు చేయవని ఒక ఉపాధ్యాయుడు అడిగాడట. అసలైన ఆఫ్రికా అంటే ఏమిటని ఆలోచిస్తూ ఆయన, ఆఫ్రికా, కరీబియన్ జనం ఎక్కువగా ఉండే లండన్ పేట బ్రిక్స్‌టన్ బజారుకు వెళ్ళాడు. ఆఫ్రికా బట్ట అని అందరూ పిలిచే ఆ వ్యాక్స్ బట్ట పుట్టుక అక్కడ తెలిసింది. జావా ద్వీపంలో మైనం పూసి చేత్తో అద్దే బాతిక్‌ను 19వ శతాబ్దంలో డచ్చివాళ్ళు యంత్రాల మీద చేశారు. ఆ యంత్రపు అద్దకంలో పగుళ్ళ గీతలు పడేవి. చేతిపనికి అలవాటుపడిన జావా వాళ్ళకు అవి నచ్చలేదు. పశ్చిమ ఆఫ్రికా వాళ్ళకు ఆ పగుళ్ళే నచ్చాయి. మాంచెస్టర్ మిల్లులూ చేయడం మొదలుపెట్టాయి. అప్పటి నుంచి ఆయన పనులన్నిటా అదే బట్ట.

ఈ కథకు ముందున్న ముక్క ఒకటి నేను చేర్చాలి. యంత్రం రాక ముందే, 17వ శతాబ్దంలోనే డచ్చివాళ్ళు మచిలీపట్నంలో కొఠీ పెట్టి మన తీరపు అద్దకపు బట్టలు కొని, ఆ తూర్పు ద్వీపాలకు తీసుకుపోయి సుగంధ ద్రవ్యాలకు మారకం వేసేవారు. జావా బాతిక్ మీద మన కలంకారీ నీడ ఉందని వస్త్ర చరిత్రకారులు చెబుతారు. మేము ఇద్దరం ఆ విగ్రహాల చుట్టూ తిరుగుతూ, ఏ పువ్వు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళి వచ్చిందో లెక్కవేసుకున్నాం.

ఇంకో గదిలో 5,270 పుస్తకాలు, అన్నీ ఆ బట్టతోనే అట్టలు కట్టినవి. వీపుల మీద బంగారు అక్షరాలతో యుద్ధాల పేర్లు, సంధుల పేర్లు. కొన్ని వీపులు ఖాళీ. చీకటి గదిలో చిన్న చిన్న ఇళ్ళు. ఆపదలో మనుషులకు ఆశ్రయమిచ్చిన కట్టడాల నమూనాలట. బయట నలుపు, లోపల దీపం, గోడలకు రంగుల బట్ట. కిటికీలోంచి తొంగి చూడటానికి పెద్దవాళ్ళు కూడా మోకాళ్ళ మీద కూర్చుంటున్నారు.

ఏప్రిల్ 13, శనివారం: బ్రిక్స్‌టన్

స్టేషన్ మెట్లు ఎక్కి తల ఎత్తితే గుమ్మం పైన పెద్ద చిత్రం కనిపించింది. ఇథియోపియాలో పుట్టి ఇటలీలో ఉంటున్న జెమ్ పెరుకీనీ వేసింది. రోమన్ల కాలంలో, నాలుగో శతాబ్దంలో యార్క్ నగరంలో బతికిన ఒక స్త్రీ. 1901లో ఆమె సమాధి బయటపడింది, దంతపు గాజులతో. ఎముకలు పరీక్షించి ఆమెకు ఉత్తర ఆఫ్రికా మూలాలు ఉండవచ్చని చెప్పారు. నల్లవాళ్ళు ఇక్కడికి నిన్న మొన్న వచ్చారనుకునేవాళ్ళందరూ అప్పుడు రోజూ ఆ బొమ్మ కిందనుంచే రైలెక్కేవారు.

ఎలక్ట్రిక్ అవెన్యూ అంటే సంత. కంద దుంపలు, పచ్చి అరటి గెలలు, ఎండు చేపలు, బెండకాయలు. వాసన చీరాల చేపల బజారును గుర్తు చేసింది. సందులో బట్టల దుకాణాలు. నేను మొదటి దాంట్లోకి వెళ్ళి గబుక్కున ధర అడిగాను. దుకాణంలో కూర్చున్న పెద్దావిడ జవాబు చెప్పలేదు. ‘ముందు నమస్కారం, తర్వాత ధర’ అంది, కోపంగా కాదు, పిల్లలకు చెప్పినట్టు. మా అమ్మాయి నా చెవిలో ‘ఆంటీ అని పిలవమ్మా’ అంది. క్షమించమని, గుడ్ మార్నింగ్ ఆంటీ అని మళ్ళీ మొదలుపెట్టాను. ఆవిడ ముఖం విప్పారింది. ఎక్కడి నుంచి, పిల్లలెంత మంది, ఆరోగ్యం ఎలా ఉంది, అన్నీ అడిగింది. నేను ఊళ్ళో ఉన్నట్టే హాయిగా అనిపించింది.

ఆరు గజాల మామూలు వ్యాక్స్ ముక్క 25 పౌండ్లు. డచ్చిది అంతకు మూడింతలు. డబ్బులు ఎడమ చేత్తో ఇవ్వబోతే ఆవిడ చూపు చేతి మీద ఆగింది. చప్పున కుడిచేతికి మార్చుకున్నాను. అది మా అమ్మ నేర్పిన మర్యాదే. సంచీ కుడిచేతిలో ఉండి మరిచిపోయాను.

మాది నేతపని ఇల్లనీ, మా నాన్న ఆఫ్రికాకు గళ్ళ రుమాళ్ళు నేసేవారనీ చెప్పాను. ఆవిడ లేచి నిలబడింది. ‘ఇంజిరి?’ అంది. ఆవిడ కలబారి. వాళ్ళ భాషలో మన గళ్ళ బట్టకు ఇంజిరి అని పేరు. ‘రియల్ ఇండియా’ అన్న మాటే నోట్లో నలిగి అలా అయిందని వాళ్ళ పెద్దలు చెబుతారట. ఆవిడ ఫోను చేసి ఎవరితోనో వాళ్ళ భాషలో మాట్లాడి, గంట ఆగి రమ్మంది.

ఆ గంటలో తిన్న తిండి గురించి చెప్పాలి. జొలోఫ్ అన్నం, టమాటా, ఎండుమిరప కారంతో ఎర్రగా, అడుగున కొంచెం మాడిన వాసనతో. పక్కన వేయించిన అరటిపండు ముక్కలు. 11 పౌండ్లు, ఇద్దరికి సరిపోయింది. తర్వాత ‘అకారా’ అని వేడివేడిగా ఇచ్చారు. ఒకటి కొరికి నేనూ అమ్మాయీ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నాం. అలసంద గారె! అవే అలసందలు, నానబెట్టి రుబ్బి, ఉల్లిపాయ, మిరపకాయ వేసి, నూనెలో దేవినవి. చిల్లు లేదు, అంతే తేడా. అదే పిండిని ఆవిరి మీద ఉడికిస్తే మొయిన్ మొయిన్ అవుతుందట, మన ఆవిరి కుడుము లాగా.

తిరిగి వెళ్ళేసరికి ఆవిడ మనవడు ఇంటి నుంచి ఒక మూట తెచ్చి ఉన్నాడు. ఆవిడ బల్ల తుడిచి, చేతులు కడుక్కుని విప్పింది. వాళ్ళమ్మ బట్ట. ఇంట్లో బట్టల పెట్టె అంటే వాళ్ళకు వంశవృక్షం లాంటిది. బిడ్డ పుట్టినప్పుడు ఒకటి, పెద్దరికం వచ్చినప్పుడు ఒకటి కడతారు. పెద్దవాళ్ళు పోయినప్పుడు శవాన్ని ఉంచే గదిని, మంచాన్ని ఆ ఇంటి బట్టలతో అలంకరిస్తారు.

ముదురు ఎరుపు, నీలం గళ్ళు. మధ్య మధ్య తెల్ల పోగులు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత పెట్టె వాసన తప్ప ఏమీ లేదు. కానీ వెలుతురుకు పట్టుకోగానే గుండె ఝల్లుమంది. గళ్ళలో వరసగా పోగులు లేవు. చిల్లులు కావు, చిరుగులూ కావు. సూదితో ఒక్కో పోగూ ఎత్తి, బ్లేడుతో తెంచి, లాగేశారు. పోగు పోయిన చోట బట్ట జల్లెడలా పలచబడి, మిగిలిన చోట గళ్ళు నిలిచి, మొత్తం మీద కొత్త నమూనా ఒకటి లేచింది. తాబేలు డిప్ప ఆకారమట. ఈ పనికి ‘పెలెతె బితే’ అని పేరు, పోగులు తెంచిన బట్ట అని. ఇది అచ్చంగా ఆడవాళ్ళ పని. ఒక బట్టకు చాలా రోజులు పడుతుంది.

మా ఇంట్లో పోగు తెగితే మగ్గం ఆగేది. నాన్న అడ్డపోగు నడిపే నాడె పక్కన పెట్టి, మగ్గం గుంటలోంచి ముందుకు వంగి, తెగిన కొసలు రెండూ పట్టుకుని, ఉమ్మితో తడిచేసి ముడి వేసేవారు. ఆ ముడి బట్టలో కనబడకూడదు. కనబడితే షావుకారు కూలి కోసేవాడు. ఒక్క పోగు కోసం అమ్మ, నాన్న మాటామాటా అనుకున్న రోజులున్నాయి. అలాంటి బట్టలోంచి కావాలని ఇన్ని వందల పోగులు తీసేశారా అని మొదట బాధే కలిగింది. ఆవిడ అది గమనించింది. ‘కొన్నప్పుడు అది మీది. ఎవరైనా కొనవచ్చు. మా అమ్మ పోగులు తీశాక మాది. ఇంకెవరి దగ్గరా అలాంటిది ఉండదు’ అంది. నేత గట్టిగా లేకపోతే అన్ని పోగులు తీశాక బట్ట నిలబడదనీ, అందుకే మంచి ఇంజిరి ఏరి కొనేవాళ్ళమనీ చెప్పింది.

ఆ ముక్క చీరాలదో, నెల్లూరు వైపుదో, మద్రాసు చుట్టుపక్కల ఊళ్ళదో నేను చెప్పలేను. అంచు మీద ఏ గుర్తూ లేదు. చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ తొందర పెట్టలేదు. ఫొటో తీసుకోవచ్చా అని అడిగితే తన ముఖం వద్దు, బట్ట తీసుకోమంది.

ఏప్రిల్ 14, ఆదివారం: టేట్ మోడరన్

ఘానాలో పుట్టిన శిల్పి ఎల్ అనట్సుయి ప్రదర్శనకు అదే ఆఖరి రోజు. థేమ్స్ ఒడ్డున పాత విద్యుత్ కేంద్రాన్ని మ్యూజియం చేశారు. జనరేటర్లుండే హాలు ఇప్పుడు ఖాళీ, చిన్న గాలిగోపురం ఇమిడిపోయేంత ఎత్తు. ఇక్కడా ప్రవేశం ఉచితమే. ఆఖరి రోజు కదా, నేల మీద కూర్చున్నవాళ్ళు, పడుకున్నవాళ్ళు, పిల్లల బళ్ళు.

లోపలికి దిగుతూనే ఎర్రటి తెరచాప. గాలి నిండినట్టు పొంగి, పైకప్పు నుంచి వేలాడుతోంది. దగ్గరికి వెళ్తే అది బట్ట కాదు. సారా సీసాల మూతలు, మూతల చుట్టూ ఉండే పలచటి రేకులు. చదును చేసి, మడిచి, చిల్లులు పెట్టి, రాగి తీగతో ఒకదానికొకటి కుట్టారు. అలాంటివి వేలకు వేలు. కొన్నిటి మీద సారా కంపెనీల అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. యూరపు ఓడలు సారా తెచ్చి మనుషులను పట్టుకుపోయిన సముద్రం అది. వాళ్ళ చెమటతో పండిన చెరకు మళ్ళీ సారా అయింది. తెరచాప ఆ మూతలతోనే ఎందుకు చేశాడో విడమరచి చెప్పనవసరం లేదు.

మధ్యలో, గాలిలో తేలుతూ ముక్కలు ముక్కలుగా మనిషి ఆకారాలు, వలలంత పలచగా. ఒకచోట నిలబడితే అవన్నీ కలిసి గుండ్రటి భూగోళం అవుతాయి. ఆ చోటు వెతుక్కుంటూ అందరూ అడుగులో అడుగు వేసి కదులుతున్నారు. దొరికినవాళ్ళు పక్కవాళ్ళను చెయ్యిపట్టి తమ చోటులోకి లాగుతున్నారు. నన్ను ఒక కాలేజీ పిల్ల లాగింది. చివర్లో పైకప్పు నుంచి నేలదాకా నల్లటి గోడ, దాని అడుగు కెరటాల్లా మడతలు పడి. వెనక్కి వెళ్తే ఆ నలుపు వెనక వెండి మెరుపు.

అనట్సుయి 1944లో ఘానాలోని అన్యాకోలో పుట్టాడు. తండ్రి, అన్నలు కెంటె అనే అక్కడి నేతబట్ట నేసేవాళ్ళు. ఈయన మగ్గం మీద కూర్చోలేదు. నైజీరియాలోని నుసుక్కలో పాఠాలు చెప్పుకుంటూ, చెక్క, మట్టి పనులు చేసుకుంటూ ఉండగా, యాభై దాటాక ఒకరోజు దారి పక్కన పారేసిన మూతల సంచీ దొరికింది. ఆ సంచీ తెచ్చుకున్న తర్వాత ఆయన చేతికి నేత వచ్చింది.

నేనూ మగ్గం మీద కూర్చోలేదు. చదువుకున్న పిల్లవని నాన్న గుంటలోకి దిగనివ్వలేదు. కండెలు చుట్టడం వచ్చు, అంతవరకే. ఆ ఎర్ర తెరచాప అడుగున ఒక మూల తీగ కొస కొంచెం బయటికి వచ్చి ఉంది. దాన్ని చూస్తూ నాన్న వేసే ముడి గుర్తుచేసుకున్నాను. కుడి కొస ఎడమ కొస మీదికి, కిందనుంచి తిప్పి, బొటనవేలితో నొక్కి. వేళ్ళు వాటంతటవే కదిలాయి. పక్కనున్న మా అమ్మాయి ఏమిటమ్మా అని అడిగింది. చూపించాను. నేర్చుకోవడానికి దానికి నాలుగుసార్లు పట్టింది.

చీరాల, ఏప్రిల్ 22

నిన్న సాయంత్రం మా వీధి చివర ఉండే బాబాయి ఇంటికి వెళ్ళాను. నాన్నతో పాటు ఎగుమతి రుమాళ్ళు నేసిన వాళ్ళలో ఆయనొక్కరే మిగిలారు. కళ్ళు సరిగా ఆనవు. ఫోనులో ఫొటో పెద్దది చేసి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి చూపించాను.

చాలాసేపు మాట్లాడలేదు. గోటితో ఫోను అద్దం మీద పోగులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ‘పేకలో రెండు తీసి రెండు ఉంచారు. పడుగులోనూ అంతే’ అన్నారు. ‘అయినా నేత జారలేదు చూశావా? మగ్గం అచ్చు బిగువు.’

ఇది ఎవరు కట్టుకుంటారమ్మా అని అడిగారు. చెప్పాను. పుట్టినప్పుడు, పెద్దవాళ్ళయినప్పుడు, పోయినప్పుడు అని.

‘మీ నాన్న తలకు చుట్టుకుంటారనేవాడు’ అన్నారు. ఫోను నా చేతికి ఇవ్వకుండా, మళ్ళీ మొదటి గడి నుంచి లెక్క మొదలుపెట్టారు.